అక్క గురించి రాసిన మూడో పేజీ

అక్క పోయిన ఏడాదికి ఆమె గురించి మూడు పేజీలు రాశాను. అంతకుముందు నేనేమీ రాసిన దాన్ని కాదు. కాలేజీ లైబ్రరీలో ఉద్యోగం కాబట్టి చదవడం మాత్రం ఎప్పుడూ ఉండేది. గుణదలలో మా ఇంటి ముందుగదిలో అక్క జాకెట్లు కుట్టేది. సాయంత్రం నేను వచ్చాక ఏదో ఒక పుస్తకం పైకి చదివితే, మిషన్ తొక్కుతూ వినేది. పుస్తకంలో ఎవరైనా తన బాధను మరీ అందంగా చెప్పుకుంటే పెడల్ మీద నుంచి కాలు తీసేసేది.

"ఆపవే. ఏడ్చేవాళ్ళు ఎవరన్నా అట్టా మాట్లాడతారా?"

"పుస్తకం కదక్కా అది."

"పుస్తకమైతే ఏంటి? రాసినాయన ఎప్పుడూ ఏడవలేదా?"

అలా ఇరవై ఏళ్ళు విన్నది. పుస్తకాల్లో ఏది నిజమో ఏది కాదో నాకు కాస్తయినా తెలుస్తుందంటే అది ఆ గదిలో నేర్చుకున్నదే.

రాసిన మూడు పేజీలు ఏం చేయాలో మొదట తెలియలేదు. అప్పుడప్పుడే మా లైబ్రరీలోకి ఇంటర్నెట్ ఉన్న కంప్యూటర్ ఒకటి వచ్చింది. మధ్యాహ్నం భోజనాల వేళ అందులో ఒక తెలుగు పత్రిక చదివేదాన్ని. కాగితం మీద అచ్చుకాని పత్రిక అది. ఎవరెవరో ఎక్కడెక్కడి నుంచో రాసేవాళ్ళు. రచనలు పంపమని చివర్లో ఒక చిరునామా ఉండేది. అక్కను ఎరగని వాళ్ళు చదివి, ఇలాంటి మనిషి ఒకామె ఉండేది అనుకుంటే చాలు, నాకింకేమీ అక్కర్లేదు. అందుకే ఆమె పేరు కూడా రాయలేదు. పేరు లేకుండానే ఆమె కనపడాలి.

నాకు తెలుగు టైపు రాదు. ఏలూరు రోడ్డు పక్క సందులో ఉన్న డీటీపీ సెంటర్‌కి తీసుకెళ్ళాను. దాన్ని నడిపే భాయ్ మాకు పాత పరిచయం. ఆయన భార్య జాకెట్లు అక్కే కుట్టేది. పెళ్ళికార్డులు, పెద్దకర్మ కార్డులు, మా చర్చి వాళ్ళ జ్ఞాపకార్థ కూడికల కార్డులు, అన్నీ ఆయనే వేసేవారు. ఏ మతం వాళ్ళ చావు కార్డులో ఏ మాట పడాలో ఆయనకు కాగితం చూడకుండా వచ్చు.

మర్నాడు ప్రూఫు ఇచ్చారు. మొదటి రెండు పేజీలు జాగ్రత్తగా చూశాను. మూడోది ఆసుపత్రి రోజుల గురించి. దాన్ని రాయడమే ఎలాగో రాశాను గానీ మళ్ళీ చదవడం నా వల్ల కాలేదు. "బానే ఉంది భాయ్, పంపేయండి" అన్నాను.

మొదటిసారి పంపితే అవతల తెలుగు అక్షరాలకు బదులు పిచ్చి గుర్తులు కనపడ్డాయట. ఆయన దుకాణంలోని అక్షరాలు ఆయన కంప్యూటర్‌కి మాత్రమే తెలిసినవి. మళ్ళీ ఇంకో రకం ఫైలుగా చేసి పంపారు. వారం తిరక్కుండానే సంపాదకుడి నుంచి జవాబు వచ్చింది. తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన ఉత్తరం. కూడబలుక్కుంటూ చదువుకున్నాను.

"నమస్కారమండీ. మొదటి రెండు పేజీలు చాలా నచ్చాయి. మూడో పేజీకి వచ్చేసరికి మీరు లేచి వెళ్ళిపోయి, ఆ కుర్చీలో ఇంకెవరో కూర్చున్నట్టుంది. రెండు పేజీల పొడుగునా అందరినీ కసిరిన మనిషి చివర్లో చిరునవ్వు చిందించిందంటే నేను నమ్మలేకపోయాను. ఇలాగైతే వేసుకోలేం. ఇంకొక్కసారి చూస్తారా? సంచికకు పది రోజుల వ్యవధి ఉంది."

నేను చిరునవ్వు అన్న మాటే రాయలేదు. అప్పుడు ఆ ఉత్తరంతో పాటు వెనక్కి వచ్చిన ఫైలు తెరిచి మూడో పేజీ చదివాను.

నేను రాసింది ఇది: చనిపోయే ముందు రోజు సాయంత్రం అక్క నర్సుతో గొడవపడింది. యూనిఫాం చంక దగ్గర పట్టేస్తోందని, చెయ్యి పైకెత్తి చూపించమని, ఎవరు కుట్టారని అడిగింది. విప్పి ఇస్తే సరిచేస్తానంది. ఆ అమ్మాయి నవ్వి వెళ్ళిపోతే, నవ్వడానికేముందని నా మీద విసుక్కుంది. తెల్లవారి చనిపోయింది.

ఫైలులో గొడవ లేదు, నర్సు లేదు. "ప్రేమమూర్తియైన మా సోదరి పెదవులపై చెరగని చిరునవ్వుతో ప్రభువునందు నిద్రించినారు" అని ఉంది.

నాకు కోపం రాలేదని చెప్పను. కాలేజీ అయ్యాక నేరుగా దుకాణానికి వెళ్ళాను.

"భాయ్, మూడో పేజీ మార్చారా?"

"మార్చలేదండీ మేడం. సరిచేశాను."

"అంత తప్పు ఏం రాశాను?"

"తప్పని కాదండీ. పోయిన మనిషి కదా. నర్సుతో పోట్లాడిందని రాస్తే చదివినోళ్ళు ఏమనుకుంటారు? మనసు బాలేక అట్టా రాసుంటారులే అనుకున్నా. మీ వాళ్ళ కార్డులు పదేళ్ళ నుంచి వేస్తన్నాను, ఏ మాట పడాలో నాకు తెలీదా?"

"మా అక్క నవ్వగా మీరెప్పుడన్నా చూశారా?"

ఆయన కళ్ళజోడు తీసి ఆలోచించారు.

"లేదండీ. ఒకసారి జాకెట్టు తీసుకెళ్దామని నేనొస్తే, 'వేసుకునేది నువ్వా? మీ ఆవిణ్ణి రమ్మను' అని గుమ్మంలోంచే పంపేసింది."

"మరి?"

"మరంటే... ఫొటో కింద అందరికీ అదే వేస్తామండీ."

దాంతో నా కోపం సగం పోయింది. ఆయన పాడుచేయాలని చేయలేదు. పోయినవాళ్ళను నలుగురూ ఒక మాట అనకుండా కాపాడటం ఆయన వృత్తిలో భాగం. అక్కను కూడా అలాగే కాపాడారు. తప్పు నాది. చూడాల్సిన పేజీ చూడకుండా పంపించాను.

"చెప్పండి మేడం, ఇప్పుడే కొడతాను. మీ చేతిరాతలో ఈ పేజీ సరిగ్గా తెలియట్లేదు, మీరే చదవండి" అన్నారు.

చేతిరాత నిజంగానే బాగాలేదు. వేరే దారి లేదు. ఆయన పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, నేను చదవలేనన్న పేజీని పైకి చదివాను. బయట ఆటోలు, లోపల ఫ్యాను. రెండుచోట్ల ఆగి మళ్ళీ మొదలుపెట్టాను. ఆయన నా వైపు చూడకుండా, వేళ్ళు కీబోర్డు మీద పెట్టుకుని కూర్చున్నారు. నర్సును చెయ్యి ఎత్తమన్న చోటికి వచ్చేసరికి మాత్రం ఆపుకోలేక గట్టిగా నవ్వేశారు.

"అచ్చం ఆవిడే కదండీ!" అన్నారు. తర్వాత, "ఇదెందుకు తీసేశానో" అన్నారు.

ఆ ఏడాదిలో అక్క తలపుకొచ్చి నా ముందు ఒకరు నవ్వడం అదే మొదటిసారి. అప్పటిదాకా వచ్చినవాళ్ళందరూ గొంతు తగ్గించి మాట్లాడినవాళ్ళే. ఆ నవ్వుకు ఆయనకు ఎంత రుణపడ్డానో ఆయనకు తెలియదు.

ఆ నెల సంచికలో మూడు పేజీలూ వచ్చాయి. సంపాదకుడు ఒక్క మాట మార్చలేదు. ఆయన ముఖం నేను ఎప్పుడూ చూడలేదు. ఎక్కడో ఉద్యోగం చేసుకుంటూ, తీరిక వేళల్లో ముక్కూమొహం తెలియనివాళ్ళ రాతలు చదివేవారట. వేసుకోలేమని రెండు ముక్కల్లో తేల్చేసి ఉంటే నేను ఇంకెవరికీ పంపేదాన్ని కాదు. మూడో పేజీలో ఉన్నది అక్క కాదని, అక్కను ఎరగని మనిషి కనిపెట్టి చెప్పారు.

ఆ పత్రికలో ప్రతి రచన కిందా పాఠకులు అభిప్రాయం రాసే చోటుండేది. మొదటి రెండు వారాల్లో ఇద్దరు బాగుందని రాశారు. తర్వాత ఒకామె కొంచెం పొడుగ్గా రాసింది. తన పేరు పెట్టలేదు. పెళ్ళికి ముందు గుణదలలో ఉండేదట, ఇప్పుడు గుడివాడలో ఉంటోందట. నర్సు యూనిఫాం సంగతి చదవగానే ఇది ఎవరో తెలిసిపోయిందని రాసింది. ఆ తర్వాత ఇలా ఉంది:

"నా కుడి భుజం ఎడమదాని కన్నా కిందికి ఉంటుంది. ఏ టైలర్ దగ్గరికి వెళ్ళినా కొలత తీస్తూ ఆ మాట పదిమందిలో అనేవాళ్ళు. పెళ్ళి జాకెట్టు మీ అక్కగారు కుట్టారు. మెడ గురించి, నేను తెచ్చిన లైనింగు గుడ్డ గురించి బాగా తిట్టారు. భుజం గురించి ఏమీ అనలేదు. గమనించలేదనుకున్నాను. పెళ్ళి ఫొటోల్లో నా భుజాలు రెండూ సమానంగా ఉన్నాయి. చాలా ఏళ్ళ తర్వాత ఆ జాకెట్టు విప్పదీస్తే, కుడి భుజం లోపల, ఎత్తు కోసం గుడ్డ మడిచి కుట్టి ఉంది."

దాన్ని లైబ్రరీలో కూర్చుని చాలాసార్లు చదివాను. అక్క కొలతలు తీసేటప్పుడు ఎన్నోసార్లు నేను ఆ గదిలోనే ఉన్నాను. ఈ సంగతి నాకు తెలియదు. ఆమె నాకు కూడా చెప్పలేదు.

గుడివాడ ఆమెకు ఏం రాయాలో వెంటనే తోచలేదు. ముందు సంపాదకుడికి ఒక ముక్క రాశాను. మా అక్కను ఒకరు గుర్తుపట్టారండీ, మీకు కృతజ్ఞతలు, అని.