వేలిముద్రల కాగితం

సత్తెనపల్లి పక్క మిరప కల్లాల్లో తొడిమలు తీసే ఆడవాళ్లలో పదో తరగతి గట్టెక్కింది సువార్త ఒక్కతే. అందుకే పసిపిల్లల్ని పడుకోబెట్టుకోవడానికి ఓ గదీ, చేతులు కడుక్కోవడానికి ఓ కుళాయీ ఇప్పించమని సేవాసంస్థకు ప్రతిపాదన రాసే పని ఆమె నెత్తిన పడింది.

మొదటిసారి "అవసరం వివరంగా లేదు" అని తిప్పి పంపారు. రొమ్ములు చేపుకొస్తున్నా, ఘాటు చేతులతో బిడ్డను ముట్టుకోలేక ఏడ్చే తల్లుల గురించి రాసింది. "రుజువేదీ?" అన్నారు. నలభై మంది చేత వేలిముద్రలు వేయించి పంపింది.

ఈరోజు ఫోనొచ్చింది. "ముద్రల్లో గీతల్లేవమ్మా, అన్నీ సిరా మరకలే. సరిగ్గా వేయించి రేపటిలోగా పంపండి. రేపే ఆఖరు."

సువార్తకు ఒళ్లు మండిపోయింది. మండి ఏం లాభం? మళ్లీ సిరా డబ్బా పట్టుకుని కల్లానికి పరుగెత్తి, రొప్పుతూ పుల్లమ్మ ముందు కూలబడింది.

ముప్ఫయ్యేళ్లుగా తొడిమలు తీస్తున్న పుల్లమ్మ, అరిగి నున్నబడ్డ చేతులు రెండూ చాపింది.

"ఏ వేలెయ్యమంటావే పిల్లా? పదీ ఇంతే."