మావయ్య ట్రాక్టరుకి నేనెంచిన పంజా

నా తెలివితక్కువ పనులన్నీ పోగేస్తే చిన్నపాటి గడ్డివామి అవుతుంది. ఆ వామి కొస మీద కూర్చోదగ్గది ఒకటుంది, అది చెబుతాను. ఆ రోజు నేను పాస్టరు గారి నెత్తిన వడ్లు కురిపించాను. ట్రాక్టరు వెనక చక్రాలు గాల్లోకి లేపాను. పందిరి కూల్చాను. ఇదంతా ప్రార్థన ముగిసిన పావుగంటలోనే! అయినా అసలు ఘోరం ఆ తర్వాత జరిగింది. కంగారు పడకండి, ఎవరికీ దెబ్బలు తగల్లేదు.

తొంభైల మొదట్లో మాట. బాపట్లలో డిగ్రీ చదివాను. చదివానని నేనంటే పరీక్షలు ఒప్పుకోలేదు. చేసేది లేక పెనుమూడి దగ్గర మా ఊరికొచ్చి, యోహాను మావయ్య ఇంట్లో తింటూ తిరుగుతున్నాను. అమ్మకి సొంత తమ్ముడాయన. మాటకి నిలబడే మనిషి, అదే ఆయనతో వచ్చిన చిక్కు. రొయ్యల చెరువులు తవ్వించే ఒకాయన దగ్గర ఆయనో పాత ట్రాక్టరు కొన్నాడు. బుల్లి ట్రాక్టరు. ముందు రెండు ఇనప చేతులు, వాటి చివర మట్టి ఎత్తే బకెట్. ఆ బకెట్ తీసేసి గడ్డి పట్టుకునే పంజా బిగిస్తే వామి వేయడం తేలికవుతుందని మావయ్య ఆశ. ఆయనకున్న ఆరు గేదెలకీ ఏడాది మేత ఆ వామే.

"ఒరే ప్రసాదూ, తెనాలెళ్ళి మంచి పంజా చూసి పట్రా. నువ్వు తెచ్చింది పనికొచ్చిందా, ట్రాక్టరు నీ చేతికిచ్చేస్తా. ఊళ్ళో అందరి గడ్డీ ఎత్తుకుంటా బతుకు. పనికిరాలేదా, బుద్ధిగా మళ్ళీ పరీక్షలకి కూచో."

"ఇంత చిన్న పనికి అంత పందెమెందుకు మావయ్యా?"

"చిన్నదో పెద్దదో తర్వాత తెలుసుద్దిలే. ఇంకోటి, కొత్త వస్తువు మొదటి పని దేవుడిది. ఆదివారం కోతల పండగలో ఎత్తి చూపించాకే మన గడ్డి ముట్టుకునేది."

మా చర్చి కోతల పండగ గురించి కొంచెం చెప్పాలి. పంట ఇంటికి రాగానే మొదటి ఫలం దేవుడి ముందు పెడతాం. వరి మోపులు, గుమ్మడికాయలు, అరటి గెలలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు, ఎవరికి కలిగింది వాళ్ళు తెస్తారు. ప్రార్థన కాగానే వాటిని వేలం వేస్తారు. భక్తి సగం, పంతం సగం కలిసి కోడిగుడ్డు కోడి ధర పలుకుతుంది. ఈ మొదటి ఫలం పట్టింపు మాకు ఎంతంటే, మా ఊళ్ళో కొత్త కుట్టుమిషను కొన్నవాళ్ళు కూడా మొదట చర్చి బల్ల మీదికి గుడ్డ కుట్టాకే సొంత జాకెట్టు కుట్టుకుంటారు.

నా కొంప ముంచింది ఈ పట్టింపే. రేపల్లెలో ప్యాసింజరు రైలెక్కి తెనాలి చేరేదాకా నాకు గడ్డి గుర్తు లేదు, గేదెలు గుర్తు లేవు. ఆదివారం చర్చి ముందు ట్రాక్టరు మీద కూర్చున్న నేనే నా కళ్ళకి కనిపిస్తున్నాను.

వర్క్‌షాపు మేస్త్రి రెండు పంజాలు చూపించాడు. ఒకటి చిన్నది. సన్నటి పళ్ళు, దగ్గరదగ్గరగా. రెండోది నాలుగే వేళ్ళు, ఒక్కొక్కటి నా తొడంత లావు. కలప అడితి వాళ్ళు చేయించుకుని పట్టుకెళ్ళలేదట.

"ఏం ఎత్తాలి బాబూ?"

"గడ్డండి."

"అయితే చిన్నదే. కళ్ళు మూసుకుని తీసుకెళ్ళండి."

"ఇదేంటండీ, దువ్వెనలా ఉంది! ఆ పెద్దది చెప్పండి."

"అది దుంగలకండి. ఆ సందుల్లోంచి గడ్డి జారిపోద్ది. పైగా దాని బరువుకే మీ బుల్లి బండి ముందుకి ఒంగుద్ది."

"దుంగనెత్తేది గడ్డినెత్తలేదా మేస్త్రి గారూ?"

మేస్త్రి నా వంక జాలిగా చూసి, "మీరు చదువుకున్నోరా?" అన్నాడు.

"అవునండి."

"అనుకున్నానండి," అని పెద్ద పంజాని మినీలారీలోకి ఎక్కించేశాడు. మెచ్చుకున్నాడనే అనుకున్నాను. ఆ వయసు అలాంటిది!

ఆదివారం వచ్చింది. చర్చి ముందు సరుగుడు గుంజలు పాతి తాటాకు పందిరి వేశారు. ప్రార్థన అయింది. తెల్లచొక్కా వేసుకుని ట్రాక్టరెక్కాను. ఊరు ఊరంతా ఊపిరి బిగబట్టి చూస్తోంది. వరి మోపులున్న కుప్పని పంజాతో పట్టి, వేలం బల్ల మీద పెట్టాలి. అంతే పని.

పట్టాను. ఎత్తాను. బల్ల దగ్గరకి తిప్పేసరికి మోపులన్నీ వేళ్ళ సందుల్లోంచి జారి, బల్ల పక్కన దీవించడానికి కళ్ళు మూసుకుని నిలబడ్డ పాస్టరు గారి మీద పడ్డాయి. ఆయన కళ్ళు తెరిచేసరికి కనుబొమల మీద కూడా వడ్లే.

"పర్లేదు బాబూ, దీవెనలనుకుంటాను," అన్నారాయన, పాపం.

జనం ఘొల్లుమన్నారు. నాకు రోషం వచ్చింది. రోషం వచ్చినవాడు చుట్టుపక్కల చూడడు కదండీ. పంజాని మళ్ళీ దించి, కసిదీరా బిగించాను. మోపులతో పాటు పందిరి మూలగుంజ కూడా అందులో ఇరుక్కుందని మీకు ఇప్పుడు తెలిసిపోయింది. నాకు తెలియలేదు. లివరు లాగాను. గుంజ రాలేదు. వెనక చక్రాలు లేచాయి! నేను స్టీరింగుని కావలించుకుని, నేలకేసి చూస్తూ వేలాడుతున్నాను.

"దింపరా!" అని అరిచాడు మావయ్య.

"ఏది లాగితే దిగుద్దో మర్చిపోయాను మావయ్యా!"

మా స్త్రీల సమాజం పెద్ద సుగుణమ్మత్త మంచి గుండె ధైర్యం గల మనిషి. కొంగు బిగించి, "చూస్తారేంటే? వెనక బరువేస్తే అదే దిగుద్ది. ఎక్కండే!" అంది. ఎనిమిదిమంది అత్తలు వెనక పట్టుకుని వేలాడారు. ట్రాక్టరు దిగింది, నిజమే. ఆ ఊపుకి గుంజ ఊడొచ్చింది. తాటాకు పందిరి మెల్లగా, ఏ తొందరా లేకుండా, మా అందరి మీద దుప్పటిలా పరుచుకుంది. కోళ్ళు కట్లు తెంచుకుని చర్చిలోకి పారిపోయాయి.

తాటాకుల కిందినుంచి అందరం నవ్వుకుంటూ బయటికొచ్చాం. నవ్వనివాడు మావయ్య ఒక్కడే.

"అయ్యగారండీ, ఈ పంజాని కూడా వేలం పాటలో పెట్టెయ్యండి. దేవుడికే ఇచ్చేశాను," అని నా వైపు తిరిగాడు. "ఒరే, ఈ ఊరు మొత్తమ్మీద ఒక్కడు దీన్ని కావాలన్నా నీ ఎంపిక మంచిదని ఒప్పుకుంటా. ట్రాక్టరు నీదే."

నా ప్రాణం లేచొచ్చింది. పాస్టరు గారు వడ్లు దులుపుకుంటూ, "ఇనప పంజా. ఒక్కసారే వాడినది. ఎవరి పాట?" అన్నారు. అందరూ పక్కవాళ్ళ వంక చూశారు.

మా వేలం సంగతి నాకు బాగా తెలుసు. మొదటి పాట పాడటానికే అందరికీ మొహమాటం. ఒకడు పాడాడంటే వాణ్ణి ఓడించడానికి పదిమంది లేస్తారు. ఆ ఒక్కడూ ఉంటే చాలు! అంతే, చెయ్యెత్తి గట్టిగా పాట పాడేశాను.

"ఒకటోసారి," అన్నారు పాస్టరు గారు. నేను ఊరందరి మొహాలూ చూశాను. ఊరంతా నా మొహమే చూసింది.

"రెండోసారి."

"సుగుణత్తయ్యా, నువ్వైనా పాడవే!" అని గొణిగాను.

"నేను పాడితే మా ఆయన ఇంటికి రానివ్వడు నాయనా."

"మూడోసారి. దేవునికి స్తోత్రం!"

వారంలో ఒకే పంజాని రెండుసార్లు కొన్నవాణ్ణి మా డెల్టాలో నేనొక్కణ్ణే అనుకుంటాను. ఆశ చావక, "మావయ్యా, ఒకడు కావాలన్నాడు కదా?" అన్నాను.

"అన్నాడ్రా. మాట ప్రకారం ట్రాక్టరు ఇవ్వాల్సిందే. కానీ దీన్నే రెండుసార్లు కొన్నోడి చేతికి ట్రాక్టరిస్తే, మూడోసారి ఏం కొనుక్కొస్తాడోనని భయంగా ఉంది."

ట్రాక్టరు నాకొద్దులెమ్మని నేనే అనేశాను. పాట సొమ్ము మావయ్యే కట్టాడు. అందుకు బదులుగా ఆ ఏడు ఆరు గేదెల మేతా నా రెండు చేతులతోనే వామెక్కింది, నా చేతుల వేళ్ళ సందుల్లోంచి ఒక్క పరక జారలేదు.

కనుక పాఠక మహాశయుల సాక్షిగా ఇదే నా ప్రతిజ్ఞ. వేలం జరిగే చోట ఇక జన్మలో చెయ్యెత్తను. దోమ కుట్టినా, పాము కనబడినా ఎత్తను. ఆశీర్వాదానికి అందరూ చేతులెత్తే వేళ వస్తే మాత్రం, ముందు లేచి నిలబడి "ఇది పాట కాదండి" అని చెప్పాకే ఎత్తుతాను.