జీపు కింద నుంచి ‘అవ్’

మధ్యాహ్నం పాత జీపుకు ఆయిల్ మార్చుదామని డబ్బా మూత తీశాను. గంధకం లాంటి ఆ ఘాటుకు చిన్నప్పటి మా వాకిలి కళ్ల ముందుకొచ్చింది. మీ ఇళ్లల్లో కూడా ఉండేదా ఆ వాసన? పాత నూనెను చెదలు పట్టకుండా దడి గుంజలకు పూసేవాళ్లం, గుర్తుందా?

భద్రాచలం అడవి దారిలో ఇదే జీపు తోలిన మా నాన్నకు ఒక పట్టింపు ఉండేది. గేర్‌బాక్స్‌లో, వెనక ఇరుసు మధ్యనుండే డిఫరెన్షియల్ గుండులో పాత ఆయిల్ దించాక, కొత్తది పోసేదాకా బండిని ఒంటరిగా వదిలేవాడు కాదు.

"అడివిలదేదో ఖాళీ బండిల వచ్చి కూసుంటది" అనేవాడు.

ఒకసారి కొత్త ఆయిల్ తేవడం మర్చిపోయి, బండిని అట్లాగే వదిలి బజారుకు పోయాడు. అమ్మ వంటింట్లోంచి అడిగింది.

"అయిపోయిందా?"

"అవ్" అంది జీపు కింద నుంచి నాన్న గొంతు.

గేటు దగ్గరున్న నాకు, డబ్బా పట్టుకుని వీధి మలుపు తిరుగుతున్న నాన్న కనిపిస్తున్నాడు.

ఇవాళ అది తలుచుకుని నవ్వుకున్నాను. ఆయిల్ దించి, చేతులు శుభ్రంగా కడుక్కుని, గరాటు కోసం పక్కింటికి వెళ్లొచ్చాను.

గుమ్మంలో మా ఆవిడ అంది, "అయిపోయిందా అంటే ‘అవ్’ అన్నరు గదా. జీపు కాడ చాయ్ పెట్టిన."

గ్లాసు ఖాళీగా ఉంది. దాని మీద నల్లటి నూనె వేళ్ల ముద్రలు ఇంకా తడిగానే ఉన్నాయి.