ఉత్తుత్తి పేషెంటుకు నిజమైన చుట్టాలు

ఆ రోజుల్లో నాకు నోరొక్కటే పనిచేసేది కాదు; చెవులు, చేతులు, జ్ఞాపకశక్తి అన్నీ బాగానే ఉండేవి. (ఆ రోజులంటే తాతలనాటివి కావు, సెల్‌ఫోన్లో సినిమాలు చూసే కాలమే.) నిజాంపేట హాస్టల్లో వైద్యపుస్తకాలన్నీ నమిలి మింగిన నేను, రోగి ఎదుట కూర్చోగానే బెల్లం కొట్టిన రాయిలా అయిపోయేవాణ్ని. రోగితో మాట్లాడే పరీక్ష అప్పటికే ఒకసారి తప్పాను. మళ్లీ తప్పితే నా స్నేహితులంతా హౌస్ సర్జన్లయిపోతారు, నేను ఇంకో ఆరు నెలలు హాస్టల్ ఇడ్లీలు తింటూ కూర్చోవాలి.

ఈ విద్య నేర్పడానికి మా కాలేజీవాళ్లు హైటెక్ సిటీలో ఒక అద్దాల మేడలో హాలు తీసుకుని, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకు మాటతీరు నేర్పే మేడమ్‌ను పెట్టారు. ఆవిడ సూత్రం ఒక్కటే: చెడ్డ కబురు రోగికే చెప్పాలి, నేరుగా, ఏకాంతంగా, ఎనిమిది నిమిషాల్లో. రోగులుగా నటించడానికి ఆ మేడలో ఊడ్చి తుడిచేవాళ్లకే తర్ఫీదు ఇచ్చారు. నా వంతుకు నార్సింగి నుంచి పనికొచ్చే ఒక పెద్దమ్మ వచ్చింది. ఆమెకు కడుపులో క్యాన్సర్ ఉందని నేను చెప్పాలి. మేడమ్ అద్దం అవతల మార్కుల కాగితం పట్టుకుని కూర్చున్నారు. నేను తలుపు తీస్తే లోపల పెద్దమ్మా, ఆమె సొంత చుట్టాలూ కలిపి ఆరుగురున్నారు!

"దవాఖానకు ఒక్కతే ఎట్లొస్తది సారూ?" అన్నాడు పెద్దమ్మ తమ్ముడు, నన్నే తప్పుపడుతూ. నేను నోరు తెరిచేలోపే మూలకు లాక్కెళ్లాడు. "ఏముందో నాకు చెప్పు. అక్కకు జెప్పకు, గుండె ఆగుతది."

"ఇది ఉత్తుత్తి జబ్బండి," అని గొణిగాను.

"ఎరుకే సారూ. ఉత్తదైనా గా మాట దాని ముంగట అనొద్దు."

గ్యాస్ అని చెప్పేస్తే ఏ గొడవా ఉండదని అతని భార్య సలహా ఇచ్చింది. ఇంకొకావిడ అప్పుడే కళ్లొత్తుకుంటోంది.

"ఏందిరా గుసగుసలు? నాకు క్యాన్సరే గద! నాలుగు దినాల సంది బట్టీ పడుతున్న," అని అరిచింది పెద్దమ్మ.

చుట్టాలంతా గొల్లుమని ఏడ్చారు. "అక్కకు చెప్పేసినవా?" అంటూ తమ్ముడు నా కాలరు పట్టుకున్నాడు. ఐదు నిమిషాలు అయిపోయాయి. నా బతుకు ఇంతే అనుకుని స్టూలు మీద కూలబడ్డాను.

"నువ్వు చెప్పు బిడ్డా," అంది పెద్దమ్మ మెల్లగా. "మా ఆయనకు ఇదే రోగం. మేమందరం గ్యాస్ అన్నం. పోయేదాంక నా మొఖమే చూస్కుంట ఉండె."

తమ్ముడు కాలరు వదిలేశాడు. నేర్చుకున్న వాక్యాలన్నీ నేను మరిచిపోయాను. ఆమె చెయ్యి పట్టుకుని, ముక్కు ఎగబీలుస్తూ, "పెద్దమ్మా, మీకు క్యాన్సరండి," అన్నాను. ఎనిమిది నిమిషాలూ అయినట్టు గంట మోగింది.

మేడమ్ లోపలికొచ్చి, నా వైపు చూడకుండా, "డాక్టరుగారు మీకు సరిగ్గా చెప్పారా?" అని పెద్దమ్మను అడిగారు. నా ఆరు నెలలూ ఆమె జవాబు మీదే ఉన్నాయి.

"ఏడ్చుకుంట చెప్పిండమ్మా. గని నాకే చెప్పిండు."

పాసయ్యాను. ఇప్పుడు అలాంటి కబురు తడబడకుండా, ఆగవలసిన చోట ఆగి మరీ చెబుతాను. జూనియర్లు పక్కన నిలబడి నేర్చుకుంటారు. ఆ రోజు స్టూలు మీద కూలబడ్డ ఆ చీమిడిముక్కు కుర్రాడంత అధ్వానంగా చెప్పినవాణ్ని నేనింతవరకూ చూడలేదు. అయినా, రేపు ఆ కబురు నాకే వస్తే వాడే వచ్చి చెప్పాలని ఉంటుంది.