దిక్సూచి పక్కన గడ్డపార

ప్రత్యేక తెలంగాణ ఉద్యమంతో కాలేజీలు మూతపడ్డ అరవై తొమ్మిదిలో నేను మంచుకొండలెక్కడం నేర్చుకున్నాను, అదీ మంచన్నది కలలో కూడా రాని దిల్‌సుఖ్‌నగర్‌లో. నేర్పింది మా వీధిలో కుటుంబంతో కిరాయికుండే గుంటూరాయన, మిలిటరీలో రిటైరైన సార్. మా ముగ్గురు స్నేహితుల్నీ హిమాలయాల శిక్షణకు పంపిస్తానంటూ ఇప్పటి ఎల్బీ నగర్ అవతలి గుట్టలన్నీ తిప్పేవాడు. మంచుగొడ్డలి దొరకదు కాబట్టి గడ్డపార మోయించేవాడు. దాన్ని ఆయన గునపం అనేవాడు. మంచుతుఫానులో గొంతు వినపడదు, నడుములకు కట్టుకున్న తాడుతోనే చెప్పుకోవాలి: ఒకసారి లాగితే ఆగు, రెండుసార్లు లాగితే పద. ఈ కాస్త చెప్పడానికి గంట ఉపన్యాసం ఇచ్చేవాడు. నాకు చిరాకేసేది.

ఒక మబ్బు సాయంత్రం గుట్ట దిగుతుంటే పాలు పోసే ఆయన ఎదురొచ్చాడు. రోడ్డు మీద జనం వచ్చేపోయేవాళ్ళను ఆపి మాట్లాడిస్తున్నారని, యాస తేడాగా ఉంటే కొడుతున్నారని చెప్పాడు. సార్ నోరు తెరిస్తే గుంటూరే. రోడ్డు వైపునుంచి వినపడుతున్న నినాదాలు మొన్నటిదాకా నేనూ గొంతు చించుకుని ఇచ్చినవే. ఆ పూట మాత్రం అవి వింటే భయమేసింది.

"సార్, మీరు మాట్లాడకుండ్రి. జొన్నచేన్ల పడి సరూర్‌నగర్ చెరువుకట్టకు పోదాం. తొవ్వ నేను చూస్త," అన్నాను.

ఆయన మారు మాట్లాడకుండా తాడు కట్టుకుని నా వెనక నిలబడ్డాడు, ఆయన వెనక మిగతా ఇద్దరూ. జొన్న తలకు మించి పెరిగింది, గుట్టలు కూడా కనపడవు. ఒక చేతిలో గడ్డపార, ఇంకో చేతిలో సార్ దిక్సూచి పట్టుకుని ముల్లును నమ్ముకుని నడిచాను. దూరం కావలసిన నినాదాలు దగ్గరయ్యాయి. అంతలో నా నడుం దగ్గర తాడు ఒకసారి బిగిసింది. తిరిగి చూస్తే సార్ పెదవులు బిగబట్టి గడ్డపార వైపు వేలు చూపిస్తున్నాడు. ఇనుము పక్కనుంటే ముల్లు దారి తప్పుతుందని మొదటిరోజే చెప్పిన మనిషి. గడ్డపారను అక్కడే పడేసి ఎడంగా జరిగితే ముల్లు పక్కకు తిరిగింది. తాడు రెండుసార్లు లాగాను.

వెలుతురుండగానే ఆయన్ని ఇల్లు చేర్చాం. గుమ్మంలో తాడు విప్పుతూ ఆయన, "గునపం ఇంటాయనదమ్మా. రేపు వెతికి ఇచ్చెయ్యండి," అన్నాడు.

మర్నాడు వెతికి పట్టుకెళితే సార్ వాటాకు తాళం వేసి ఉంది.

"పొద్దుగాల్నే పెండ్లాం పిల్లల్ని తీస్కొని గుంటూరు పోయిండు," అన్నాడు ఇంటాయన. "బస్సు దిగేదాంక ఎవ్వలూ నోరు తెర్వొద్దని పిల్లలకు ఒకటికి నాలుగుసార్లు చెప్పుకుంట పోయిండు."

గడ్డపారను గోడకు ఆనించి, వీధిలో అందరూ చూస్తుండగానే ఏడ్చాను.