డ్రయ్యరు జబ్బూ, కారణాల బాబాయీ

యంత్రాన్ని బాగుచేయడంలో కారణాల బాబాయికి వంక పెట్టడానికి లేదు. అది ఎందుకు చెడిపోయిందో చెప్పడంలోనే ఉంది చిక్కంతా. మనిషన్నవాడికి తట్టని కారణమొకటి చెబుతాడు. చెప్పి నవ్వుతాడా అంటే నవ్వడు. పనిముట్లన్నీ తన కూరల సంచిలో సర్దుకుని, చేతులు తుడుచుకుని, పెద్ద డాక్టరు చిన్న డాక్టర్లకు చెప్పినట్టు చెప్పి వెళ్లిపోతాడు.

పక్కవీధిలో ఒకరి ఫ్రిజ్ చల్లబడటం మానేసింది. బాబాయి దాన్ని బాగుచేసి, తప్పంతా పొయ్యిదేనన్నాడు. పొద్దస్తమానం ఎదురుగా మంట చూస్తూ ఎవరు మాత్రం చల్లగా ఉండగలరని ఆయన ప్రశ్న. ఇంకో ఇంట్లో ఫ్యాను గీపెడుతుంటే, ఆ ఇంట్లో అందరూ గొంతు పెంచి మాట్లాడుతున్నారనీ, తన మాట ఎవరికీ వినపడక అది కూడా పెంచిందనీ తేల్చాడు. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఆయన లిఫ్టులు బాగుచేసేవాడు. ఒక పెద్ద ఆఫీసులో లిఫ్టు మధ్యలో ఆగిపోతే పైఅధికారి కారణం అడిగాడు. ఎంతసేపూ పైకీ కిందికీ తప్ప పక్కకి వెళ్లే యోగం లేక దానికి విసుగు పుట్టిందని బాబాయి జవాబు. పైఅధికారి కాసేపు ఆలోచించి, తనదీ అదే పరిస్థితని ఒప్పుకున్నాడట.

ఇన్ని తెలిసిన మనిషి కాబట్టే, ఇంట్లో డ్రయ్యరు చెడిపోయినప్పుడు నర్సమ్మ ఆయనకు వెంటనే కబురు పెట్టలేదు. నర్సమ్మ ఆయన అన్నకూతురు. ఆస్పత్రిలో నర్సు కాబట్టి ఇరుగుపొరుగుకి పేరుతో పని లేకపోయింది. ఆ రోజుల్లో ఆమెకి పని చేసే ఓపికైనా మిగిలేదేమో గానీ, వినే ఓపిక మాత్రం బొత్తిగా లేదు. ఆస్పత్రిలో పొద్దుటి నుంచీ రోగుల కారణాలు, వాళ్ల బంధువుల కారణాలు, డాక్టర్ల కారణాలు వినీ వినీ ఇంటికొచ్చేది. ఆ పైన ఒక యంత్రం కారణాలు కూడా వినాలంటే ఆమెకి ప్రాణం ఉసూరుమంది.

కానీ బయట ముసురు పట్టుకుంది. మేడమీది చిన్న ఇల్లు, బట్టలు ఆరేయడానికి వసారా కూడా లేదు. ముందుగదిలో తాళ్లు కట్టి ఆరేస్తే, మనుషులు తడి ప్యాంట్ల మధ్య నుంచి తల వంచుకుని నడవాల్సి వచ్చింది. ఆమె భర్త బస్సు డ్రైవరు. చెమ్మ ఆరని యూనిఫాం వేసుకుని డ్యూటీకి వెళ్లి, రోజంతా తుమ్ములు తుమ్ముతూ బస్సు నడిపి వచ్చాడు. తుమ్మినప్పుడల్లా ప్రయాణికులు కమ్మీలు గట్టిగా పట్టుకున్నారని చెప్పి మంచమెక్కాడు. షాపువాడికి ఫోను చేస్తే మనిషి రావడానికి వారం పదిరోజులు పడుతుందన్నాడు. ఇక గత్యంతరం లేక నర్సమ్మ బాబాయిని పిలిచింది.

బాబాయి వచ్చీరాగానే పనిముట్లు తీయలేదు. స్విచ్చి వేసి చెవి ఆనించాడు. లోపల మోటారు గుయ్యిమంటోంది, డ్రమ్ము మాత్రం కదలడం లేదు. స్విచ్చి ఆపి, తలుపు తీసి, డ్రమ్మును చిటికెన వేలితో తోశాడు. అది అడ్డూఆపూ లేకుండా గిర్రున తిరిగింది. లోపలికి తల దూర్చి వాసన చూశాడు. తలుపు చుట్టూ ఉన్న రబ్బరును వేలితో తడిమి, ఆ వేలిని వెలుతురులో పెట్టి చూసుకున్నాడు. అప్పుడు కుర్చీ లాక్కుని కూర్చుని, విచారణ మొదలుపెట్టాడు. దీన్ని ఎప్పుడు తిప్పుతారు, ఎవరు తిప్పుతారు, ఈ మధ్య ఏం తిన్నది అని వరసగా అడిగాడు.

ఏం తిన్నదని అడగడానికి ఇది డ్రయ్యరా, దూడా అని నర్సమ్మ భర్త మంచం మీంచే గొణిగాడు. నర్సమ్మ గోడకి చేరబడి, రాత్రిపూటే తిప్పుతామనీ, ఆస్పత్రి బట్టలూ డ్రైవరు బట్టలూ తప్ప ఏమీ వేయమనీ చెప్పింది. చెబుతూనే ఆమెకి కళ్లు మూతలు పడ్డాయి.

తర్వాత బాబాయి వియ్యపురాలి వైపు తిరిగాడు. నర్సమ్మ అత్తగారు ఒకప్పుడు పదిమంది ఆడపిల్లలకు కుట్టుపని నేర్పిన మనిషి. మల్లెపువ్వు లాంటి బట్ట తప్ప ఒంటికి తగలనిచ్చేది కాదు. ఇంట్లో ఎవరి కాలరు మాసినా ముందు ఆవిడ కళ్లకే కనిపించేది. అలాంటిది, కొన్నాళ్లుగా ఆవిడ తన గదిలోంచి పెద్దగా బయటికి రావడం లేదు. ఎవరైనా తన పక్క సర్దబోతే కసురుకునేది. వయసు మీదపడుతోంది, చాదస్తం పెరుగుతోంది అనుకున్నారు కొడుకూ కోడలూ. అంతకు మించి ఆలోచించే తీరిక ఇద్దరికీ లేదు.

"మీరెప్పుడైనా దీన్ని తిప్పారా వదినగారూ?" అన్నాడు బాబాయి.

"నాకేం తెలుసు అన్నయ్యగారూ. నేను దాని జోలికే పోను," అందావిడ, నేలచూపులు చూస్తూ.

బాబాయి కుర్చీలోంచి లేచాడు. యంత్రం ప్లగ్గు పీకి, దాన్ని గోడ దగ్గర్నుంచి ఇవతలికి లాగాడు. వెనక గొట్టం ఊడదీస్తే, అందులో బట్టల నూగు పేరుకుని దుప్పటి ముక్కలా చుట్టలు చుట్టలుగా వచ్చింది. ఇది ఇలాగే ఉంటే ఏదో ఒకరోజు నిప్పంటుకునేదని ఆయన మామూలు గొంతుతో అన్నాడు. ఆ ఒక్క మాటకి మాత్రం నర్సమ్మకి నిద్రమత్తు వదిలింది. తర్వాత ముందు రేకు విప్పితే, డ్రమ్మును తిప్పే బెల్టు తెగి, తాడుముక్కలా కింద పడి ఉంది. దాని చుట్టూ అడుగురేకు మీద నీళ్లు నిలిచి ఆరిన మరకలు. బాబాయి ఆ మరకల్ని చాలాసేపు చూశాడు. అప్పుడు తలెత్తి, ఇంతమంది చూస్తుంటే దానికి సిగ్గుగా ఉందనీ, అమ్మాయీ అల్లుడూ అవతలికి వెళ్లాలనీ, టార్చి పట్టడానికి వదినగారొక్కరు చాలనీ అన్నాడు.

అల్లుడు మంచమ్మీద అటు తిరిగి గురక మొదలుపెట్టాడు. నర్సమ్మ వంటింట్లోకి వెళ్లి, స్టూలు మీద కూర్చుని, కూర్చున్నది కూర్చున్నట్టే నిద్రపోయింది. వాళ్లను బాబాయి మళ్లీ పిలిచేసరికి ఆయన సంచిలోంచి తీసిన కొత్త బెల్టు పడింది, గొట్టం శుభ్రమైంది, డ్రమ్ము బుద్ధిగా తిరుగుతోంది. అత్తగారు టార్చి పట్టుకుని పక్కనే నిలబడి ఉంది. ఆవిడ కళ్లు కొంచెం ఎర్రగా ఉన్నాయి. నూగు పడి ఉంటుందనుకుంది నర్సమ్మ.

ఇక కారణం మిగిలింది. బాబాయి చేతులు తుడుచుకున్నాడు.

"దీని జబ్బు ఒంటరితనం. మీరంతా పనుల్లోకి పోతే, పగలంతా ఉలుకూపలుకూ లేకుండా కూర్చుని దీని నడుం బిగుసుకుపోయింది. రాత్రి వచ్చి ఒక్కసారిగా బట్టలన్నీ కుక్కేసరికి పటుక్కుమంది. రోజూ మధ్యాహ్నం దీన్ని కాసేపు తిప్పాలి. ఒక దుప్పటి వేస్తే చాలు. నీళ్లోడుతున్నది వేయకూడదు, వాషింగ్ మిషన్లో పిండించి వేయాలి. బొంత వేయనే కూడదు. వేసే ముందు తలుపు దగ్గరుండే జల్లెడలో నూగు తీసేయాలి. ఇంట్లో ఉండేది వదినగారు కాబట్టి ఈ బాధ్యత ఆవిడదే. ఏ దుప్పటి, ఎందుకు అని ఆవిడని ఎవరూ అడగకూడదు. అడిగితే లెక్క తప్పుతుంది."

అల్లుడు లేచి కూర్చున్నాడు. ఈ ఇంట్లో తన నడుం నొప్పికే ఇంతవరకు ఎవరూ వ్యాయామం చెప్పలేదు, డ్రయ్యరుకి చెబుతున్నారా అని అడిగాడు. అల్లుడి నడుముకు కంపెనీవాడు కొత్త బెల్టు పంపడు కాబట్టి అదీ జాగ్రత్తగానే చూసుకోవాలని చెప్పి, బాబాయి సంచి భుజాన వేసుకున్నాడు. నర్సమ్మకి వాదించే ఓపిక లేదు. సరేనంది.

ఆ తర్వాత బస్సు డిపోలో ఈ కథ మారుమోగిపోయింది. మీ డ్రయ్యరు ఇవాళ ఎక్సర్‌సైజు చేసిందా అని తోటి డ్రైవర్లు రోజూ అడిగేవారు. నర్సమ్మ మాత్రం, యూనిఫాం పొడిగా దొరుకుతోంది కదా, అంతే చాలనుకుంది.

ఒకరోజు ఆస్పత్రిలో తోటి నర్సుతో డ్యూటీ మార్చుకుని ఆమె మధ్యాహ్నమే ఇంటికొచ్చింది. తలుపు తీసేసరికి బాత్రూములో నీళ్ల చప్పుడు. అత్తగారు చిన్న పీట మీద కూర్చుని, వంగలేక వంగి, తన పక్కమీది దుప్పటిని చేత్తో ఉతుకుతోంది. ఆ వాసన నర్సమ్మకి కొత్త కాదు. వార్డులో మంచం దిగలేని రోగుల కింద ఆమె రోజూ మార్చే దుప్పట్లకు ఉండే వాసనే. అత్తగారు తలెత్తి కోడల్ని చూసి బిగుసుకుపోయింది. చేతిలో దుప్పటి అలాగే ఉండిపోయింది.

"మీ బాబాయిగారు చెప్పారు కదా," అంది, "రోజూ ఒక దుప్పటి తిప్పాలని."

నర్సమ్మకి ఒక్కసారిగా అన్నీ అర్థమయ్యాయి. ఎవరూ లేనప్పుడు, పిండే బలం లేని చేతులతో, నీళ్లోడుతున్న బొంతను ఈవిడ డ్రయ్యరులో ఎలా కుక్కి ఉంటుందో కళ్లకు కట్టింది. ఊరందరి దుప్పట్లూ మార్చే తనకి ఇంట్లో మనిషి దుప్పటి కనపడలేదని సిగ్గేసింది. అయినా ఆ సిగ్గు ముఖంలో కనపడనిస్తే ఎదుటి మనిషి సిగ్గు రెట్టింపవుతుందని నర్సులకు తెలుసు.

"అవునత్తయ్యా. నేను మరిచేపోయాను. మీరు గుర్తుపెట్టుకున్నారు కాబట్టి సరిపోయింది," అని, దుప్పటి రెండో కొన అందుకుంది.

ఇద్దరూ చెరో కొసా పట్టుకుని పిండారు. 

ఆ సాయంత్రం నర్సమ్మకి తన చిన్నతనంలో జరిగిన సంగతి జ్ఞాపకం వచ్చింది. నాన్న ప్రాణంగా చూసుకునే రేడియోని తనే కింద పడేసింది. దెబ్బలు తప్పవని తలుపు వెనక దాక్కుంటే, బాబాయి వచ్చి దాన్ని విప్పి, చెడ్డ వార్తలు వినీ వినీ మూర్ఛపోయిందని చెప్పాడు. నాన్న నవ్వడంతో ఆ గండం గడిచింది. విచిత్రమేమిటంటే, స్వయంగా తన చేతుల్తో పడేసిన మనిషి కూడా చాలా ఏళ్లు ఆ మూర్ఛ మాటే నమ్మింది. ఫ్రిజ్ వాళ్లింట్లోనూ, ఫ్యాను వాళ్లింట్లోనూ తనలాగే తలుపు వెనక ఎవరు దాక్కుని ఉన్నారో ఇన్నాళ్లూ తనకి తట్టనే లేదు. ఆమె ఫోను తీసింది.

"బాబాయ్, నిజం చెప్పు. ఆ బెల్టు ఎందుకు తెగింది?"

"అప్పుడే చెప్పాను కదా తల్లీ. ఒంటరితనం."

"దానికి మందేమిటి మరి?"

"నర్సువి నువ్వు. లిఫ్టులవాణ్ణి నన్నడుగుతావేం?" అని ఆయన ఫోను పెట్టేశాడు.

ఆ వారంలోనే నర్సమ్మ అత్తగారిని తమ ఆస్పత్రికి తీసుకెళ్లింది. తమ డాక్టరమ్మ దగ్గరకి ఈ మధ్య అందరూ కుర్రవాళ్లే వస్తున్నారనీ, పెద్దవాళ్లను చూసే అలవాటు తప్పిపోతుందని ఆవిడ దిగులు పెట్టుకుందనీ చెప్పింది. అత్తగారు కోడలి ముఖం కాసేపు పరీక్షగా చూసి, మీ బాబాయి పోలికలు నీకు బాగానే వచ్చాయి అని, చెప్పులు వేసుకుంది. డాక్టరమ్మ మందులు రాసింది. అవి బాగా పనిచేశాయి. క్రమంగా మధ్యాహ్నపు దుప్పటి అవసరం తగ్గింది. అత్తగారు ముందుగదిలోకి వచ్చి కూర్చుంటోంది. కొడుకు కాలరు మాసిందని మళ్లీ పోరు మొదలుపెట్టింది.

ఒక సెలవురోజు అత్తాకోడళ్లు బజారుకు వెళ్లి వచ్చేసరికి ఇంట్లో డ్రయ్యరు తిరుగుతోంది. డ్రైవరుగారు దాని ముందు కుర్చీ వేసుకుని, కాలు మీద కాలు వేసుకుని కూర్చుని ఉన్నాడు. ఏం వేశావని అడిగితే, తన మంచం మీది దుప్పటే, శుభ్రంగా పొడిగా ఉన్నదే వేశానన్నాడు.

"రెండ్రోజులుగా దీన్ని ఎవరూ తిప్పడం లేదు, చూస్తూనే ఉన్నాను," అన్నాడు కోపంగా. "పట్టించుకోకపోతే మళ్లీ నడుం పట్టేస్తుంది. ఇంట్లో ఒక్కరికైనా దానిమీద జాలి ఉండాలి కదా."

అత్తగారు కూరగాయల సంచి కింద పెట్టి కోడలి వైపు చూసింది. కోడలు గోడ వైపు తిరిగిపోయింది. అత్తగారు మాత్రం ముఖం బాబాయిదిలాగే గంభీరంగా పెట్టుకుని, కొడుకు భుజం తట్టి, "మంచి పని చేశావురా నాయనా. జల్లెడలో నూగు తీశావా?" అంది.