రత్నం మెస్‌కి ఎదురుగా

ఆక్లండ్ శాండ్రింగ్‌హామ్ రోడ్డులో దామోదర్ హోటల్ తెరిచిన రోజు నుంచీ శేషారత్నానికి తిన్నది ఒంటబట్టలేదు. ఎలా పడుతుంది మరి! తన రత్నం మెస్‌లో మూడేళ్ళు వడ్డన చేసిన మనిషి. స్టూడెంట్ వీసా మీద దిగినప్పుడు వాడికి తాలింపు పెట్టడం కూడా చేతకాదు, తనే నేర్పింది. అలాంటివాడు సరిగ్గా ఎదురుగా దుకాణం పెట్టి, తన గిరాకీలనే పిలిచి కూర్చోబెట్టుకుంటుంటే ఎవరికి మాత్రం కడుపు మండదు?

పోనీ వంటేమైనా గొప్పదా అంటే అదీ లేదు. "ఆ పులుసు నోట్లో పెట్టుకున్నారా? చింతపండు చూపించి తీసేసినట్టుంటుంది" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. వాళ్ళు ఔనౌనని తలూపి, ఆదివారం వచ్చేసరికి పెళ్ళాంపిల్లలతో అటే పోయేవాళ్ళు. ఏముందండీ అక్కడ అని నిలదీస్తే, మెస్‌కి రోజూ వచ్చే రామారావుగారు నీళ్ళు నమిలి, "వాతావరణం బాగుంటుందమ్మా" అన్నాడు. వాతావరణమట! అన్నంలో కలుపుకు తింటారా దాన్ని?

రత్నం మెస్‌లో అలాంటి సోకులేమీ లేవు. తెల్లటి ట్యూబులైట్లు, పొగలు కక్కే అన్నం, శుభ్రమైన బల్లలు. తెనాలిలో వాళ్ళ నాన్న నడిపిన మెస్‌లో ఒకళ్ళు తింటుంటే కుర్చీ వెనకాల ఇంకొకళ్ళు కాచుకుని నిలబడేవాళ్ళు. తిన్నవాడు చెయ్యి కడుక్కునేలోపు బల్ల తుడిచెయ్యాలి. ఆవిడ నేర్చుకున్న పద్ధతి అది. ఆక్లండ్‌లో కుర్చీ వెనకాల ఎవరూ నిలబడరు. అయినా ఆఖరి ముద్ద నోట్లోకి వెళ్ళీ వెళ్ళకముందే ఆవిడ చెయ్యి ప్లేటు మీద ఉండేది.

2016 డిసెంబరులో కూతురు హేమశ్రీ నర్సింగ్ పాసైంది. విందు మెస్‌లోనే కదా అని శేషారత్నం గుత్తొంకాయకి మసాలా కూడా నూరేసింది. ఆ పిల్లేమో, "దామోదరన్న దగ్గర టేబుల్ బుక్ చేశా అమ్మా, సండే లంచ్‌కి. నువ్వూ రావాలి" అంది.

"సొంత హోటల్ పెట్టుకుని వాడి దగ్గరా! నలుగురూ నా మొహాన ఉమ్మెయ్యరూ?"

"ప్లీజ్ అమ్మా."

వెళ్ళింది. తప్పులు పట్టడానికే వెళ్ళింది. కిటికీలకి పల్చటి తెరలు, పసుపచ్చ దీపాలు, వినీ వినపడకుండా వేణువు. మూతి ముప్పై వంకర్లు తిప్పుతూ కూర్చుంది. గోంగూర సీసాలోదని వాసనతోనే పట్టేసింది. పప్పులో ఉప్పు చాల్లేదు. ఒక్కో తప్పూ దొరుకుతుంటే ప్రాణం లేచొచ్చింది. కానీ, ఇదేం చోద్యం, ఆ ఉప్పు సంగతి ఎవరికీ పట్టలేదే! అవతల రామారావుగారు పాయసం తినేసి అరగంటైనా కదల్లేదు. మెస్‌లో పది నిమిషాల్లో లేచిపోయే మనిషి, ఇక్కడ భార్య ఏదో చెబుతుంటే పకపకా నవ్వుతున్నాడు. ఆయన అలా నవ్వగా శేషారత్నం ఏనాడూ చూడలేదు. ఒళ్ళు భగ్గుమంది.

విందుకొచ్చిన హేమశ్రీ స్నేహితులు వెళ్ళిపోయారు, తల్లీకూతుళ్ళు మిగిలారు. దామోదర్ వచ్చి, "ఎలా ఉందాంటీ భోజనం?" అంటూ రెండు టీలు పెట్టాడు.

"ఉందిలే" అంది శేషారత్నం. వాడు నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

హేమశ్రీ కప్పు చేతిలో తిప్పుతూ కూర్చుంది. "అమ్మా, నీకొకటి చెప్పలేదు. సెకండ్ ఇయర్‌లో ఫెయిలయ్యాను. చదువు మానేద్దామనుకున్నా. అప్పుడు రోజూ ఇక్కడికొచ్చి, ఆ మూల టేబుల్ దగ్గర కూర్చుని ఏడ్చేదాన్ని. అన్న ఏమీ అడిగేవాడు కాదు, టీ పెట్టి వెళ్ళిపోయేవాడు. ఎంతసేపు కూర్చున్నా ఏమనేవాడు కాదు. ఒకరోజు నేనే మొత్తం చెప్పేశా. మళ్ళీ రాయమన్నాడు. రాశాను."

"రోడ్డు దాటితే నేను లేనటే! నాతో చెప్పలేకపోయావా?"

"ముందు నీ దగ్గరికే వచ్చానమ్మా. ఎలా చెప్పాలో తెలీక మెల్లిగా తింటూ కూర్చున్నా. నువ్వు ప్లేటు తీసేసి, బల్ల తుడిచేసి, 'ఇంక లేవవే' అన్నావు."

కౌంటర్ దగ్గర దామోదర్ ఎవరికో వీడ్కోలు చెబుతున్నాడు. గిరాకీలు పోయాయని ఇన్నాళ్ళూ శేషారత్నం వాణ్ణి తిట్టుకుంది. అవి పోతే పోనీ. కడుపున పుట్టిన పిల్ల ఏడిస్తే ఆ ఏడుపు తనకంటే ముందు వాడు విన్నాడు. అంత కుళ్ళు ఆవిడ జన్మలో ఎరగదు.